వి-క్రాస్‌కి 20 అంగుళాల రిమ్ములు వేయించవచ్చా? పెంచాల్సింది రిమ్మా, రబ్బరా?

మీ ప్రశ్న ఇదీ: ఇసుజు వి-క్రాస్ పికప్, ఫోర్ వీల్ డ్రైవ్ బండి, కంపెనీ ఇచ్చిన 255/60 ఆర్18 టైర్లు అరిగిపోయాయి. ఒక షాపువాళ్లు 20 అంగుళాల అల్లాయ్ రిమ్ములు (9 అంగుళాల వెడల్పు, సున్నా ఆఫ్‌సెట్), వాటి మీద 285/50 ఆర్20 టైర్లు వేసుకోమన్నారు. బండి ఎత్తు పెరుగుతుంది, పొలంలో బాగా పోతుంది అని చెప్పారు. మీరేమో వారంలో ఐదు రోజులు ఉప్పల్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు, సెలవుల్లో తాండూరు దగ్గర పొలానికి వెళ్తారు, వచ్చేటప్పుడు వెనక బస్తాలు వేసుకొస్తారు. వేయించుకోవచ్చా అని అడిగారు.

ముందే సూటిగా చెప్పేస్తాను. ఆ సెట్ వేయించకండి. 18 అంగుళాల రిమ్ములే ఉంచుకుని, అదే 255/60 సైజులో మంచి ఆల్ టెరైన్ (రోడ్డుకీ మట్టిదారికీ పనికొచ్చే) టైర్లు వేయించండి. ఇంకొంచెం ఎత్తు కావాల్సిందే అనుకుంటే 265/60 ఆర్18 దాకా వెళ్లండి. 265/65 ఆర్18 నా లెక్కలో ఆఖరి మెట్టు. అది దాటితే బండిలో ఇంకేవేవో మార్చుకుంటూ పోవాలి. నేను నాగోల్ వైపు 22 ఏళ్లుగా టైర్లు, వీల్ అలైన్‌మెంట్ పని చేస్తున్నాను. ఇలాంటి సెట్లు బిగించానూ, బిగించినవి విప్పానూ. ఎందుకు వద్దంటున్నానో వివరంగా చెబుతాను.

మొదట లెక్క చూద్దాం. 255/60 ఆర్18 అంటే టైరు వెడల్పు 255 మి.మీ., సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు అందులో 60 శాతం, అంటే 153 మి.మీ., రిమ్ము 18 అంగుళాలు. పైన 153, కింద 153, మధ్యలో రిమ్ము 457 మి.మీ. మొత్తం టైరు ఎత్తు 763 మి.మీ. వస్తుంది. ఇప్పుడు వాళ్లు చెప్పిన 285/50 ఆర్20 చూడండి. సైడ్‌వాల్ 142.5 మి.మీ., మొత్తం ఎత్తు 793 మి.మీ. చక్రం 30 మి.మీ. పెరిగింది. కానీ రిమ్ముకీ రోడ్డుకీ మధ్య ఉన్న రబ్బరు 10 మి.మీ. పైగా తగ్గింది!

దీన్ని జాగ్రత్తగా ఆలోచించండి. గుంతలో పడినప్పుడు రిమ్మును కాపాడేది ఆ సైడ్‌వాలే. పొలం గట్టు ఎక్కేటప్పుడు గాలి తగ్గిస్తే సాగి నేలను పట్టుకునేదీ అదే. ఆఫ్‌రోడ్ కోసం అని చెప్పి ఆఫ్‌రోడ్‌కి పనికొచ్చే భాగాన్నే తగ్గిస్తున్నారు. అదే 265/65 ఆర్18 తీసుకుంటే సైడ్‌వాల్ 172 మి.మీ., ఎత్తు 802 మి.మీ. ఆ 20 అంగుళాల సెట్ కన్నా పొడవు, రబ్బరు 30 మి.మీ. ఎక్కువ, కొత్త రిమ్ముల ఖర్చు లేదు.

ఇంకో మాట. చక్రం 30 మి.మీ. పెరిగితే బండి 30 మి.మీ. లేవదు. ఇరుసు ఉండేది చక్రం మధ్యలో కాబట్టి సగమే లేస్తుంది, 15 మి.మీ. మన చిటికెన వేలు మందం. ఆ ఎత్తు కోసం ఇంత డబ్బు పెడుతున్నామని తెలిసి పెట్టండి.

ఆఫ్‌సెట్ గురించి ఎవరూ చెప్పరు, కానీ బండిని పాడుచేసేది అదే. రిమ్ము హబ్‌కి (చక్రాన్ని బిగించే మధ్య భాగానికి) ఆనే ముఖం రిమ్ము నడిమధ్య నుంచి ఎంత బయటికి ఉందో చెప్పే అంకె ఇది. రిమ్ము వెనకవైపు అచ్చు పోసి ఉంటుంది, మీ పాత రిమ్ము విప్పినప్పుడు చూసుకోండి. ఉదాహరణకు పాతది 7.5 అంగుళాల వెడల్పు, ఆఫ్‌సెట్ 33 అనుకుందాం. కొత్తది 9 అంగుళాలు, ఆఫ్‌సెట్ సున్నా. ఆఫ్‌సెట్ తగ్గడం వల్ల చక్రం 33 మి.మీ. బయటికి జరుగుతుంది. వెడల్పు పెరగడం వల్ల బయటి అంచు మరో 19 మి.మీ. వస్తుంది. మొత్తం 52 మి.మీ., రెండు అంగుళాల పైమాటే. చక్రం మడ్‌గార్డ్ దాటి బయటికి కనిపిస్తుంది. ఫొటోలో బాగుంటుంది. కానీ బేరింగ్ మీద, బాల్ జాయింట్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే కీలు) మీద బరువు పడే తీరే మారిపోతుంది. బకెట్ నీళ్లు ఒంటికి ఆనించి మోయడానికీ, చెయ్యి చాపి మోయడానికీ ఉన్నంత తేడా.

రెండేళ్ల కిందట ఒకాయన ఇలాంటి సెట్‌తోనే మా దగ్గరికి వచ్చారు. వేరే చోట బిగించుకుని అప్పటికి పదకొండు నెలలైందట. "అన్నా, అరవై దాటితే ముందు నుంచి విమానం లేచినట్టు గుర్రుమంటోంది" అన్నారు. జాకీ మీద లేపి, చక్రం పైనా కిందా పట్టుకుని ఊపితే చేతికే ఆట తెలిసింది. ముందు రెండు బేరింగులూ పోయాయి, ఎడమ పక్క కింది బాల్ జాయింట్ వదులైంది. టైర్ల లోపలి అంచులు గుండయ్యాయి, బయట మాత్రం బటన్ (ట్రెడ్, అంటే రోడ్డుకి ఆనే గాళ్ల పొర) నిండుగా ఉంది. బయట నుంచి చూసే మనిషికి ఏమీ తెలియదు. డోర్ల కింద పెయింటు మీద కంకర కొట్టిన చుక్కలు వరసగా ఉన్నాయి, ఎందుకంటే బయటికి వచ్చిన టైరు రాళ్లను నేరుగా డోర్ మీదికే విసురుతుంది. ఆయన మళ్లీ పాత రిమ్ములకే వచ్చారు. అదృష్టం, అమ్మేయకుండా ఇంట్లో ఉంచుకున్నారు. మీరూ మీ పాత రిమ్ములు ఎవరికీ ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వకండి.

రిమ్ము మార్చినా మార్చకపోయినా నట్ల విషయం చెప్పాలి. కంపెనీ రిమ్ములకి కొన్నిటికి వాషర్ ఉన్న చదును నట్లు వస్తాయి, బయట దొరికే రిమ్ములకి ఎక్కువగా కోసుగా ఉండే నట్లు కావాలి. ఒకదానివి ఇంకోదానికి వేస్తే బిగిసినట్టే ఉంటుంది గానీ అంచు మీద మాత్రమే ఆనుతుంది. మా దగ్గరికి వచ్చిన ఒక బండిలో నట్టు చుట్టూ రిమ్ము మీద సన్నటి తుప్పు గీత, పొడి రాలి, కిందికి ధారలా జారి ఉంది. అది కనిపిస్తే ఆ నట్టు కదులుతున్నట్టే. పానా పెట్టి చూస్తే ఆరింటిలో మూడు చేతి బలానికే తిరిగాయి. ఆ బండి ముందు రోజే శ్రీశైలం ఘాట్ దిగి వచ్చింది. నాకు ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది. కాబట్టి ఎక్కడ బిగించినా గాలి గన్నుతో ఒక్కసారి కొట్టి వదిలేయనివ్వకండి. టార్క్ పానాతో, మాన్యువల్‌లో ఉన్న అంకెకు బిగించమనండి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి బిగుతు చూపించుకోండి. ఐదు నిమిషాల పని. అలాగే రిమ్ము నడుమ రంధ్రం మీ హబ్‌కి సరిగ్గా కూర్చోవాలి. పెద్దదైతే మధ్యలో రింగు వేయాలి, లేకపోతే ఎన్నిసార్లు బ్యాలెన్సింగ్ చేసినా ఎనభైలో స్టీరింగ్ వణుకుతూనే ఉంటుంది. స్పేసర్లు (హబ్‌కీ రిమ్ముకీ మధ్య పెట్టే బిళ్లలు) పెట్టి చక్రం బయటికి తెస్తామంటే మాత్రం అక్కడి నుంచి వచ్చేయండి.

ఇప్పుడు టైరు గురించి. సైజు పక్కన 112 హెచ్, 110 టీ లాంటి అంకె, అక్షరం ఉంటాయి. అంకె ఆ టైరు మోయగల బరువు: 112 అంటే 1120 కిలోలు, 110 అంటే 1060. అక్షరం వేగం: టీ అంటే 190, హెచ్ అంటే 210 కిలోమీటర్లు. డ్రైవర్ డోర్ దగ్గర స్టిక్కర్ మీద కంపెనీ చెప్పిన బరువు అంకె ఎంతో చూసుకుని, దానికి తగ్గకుండా కొనండి. మీరు బస్తాలు వేస్తారు కాబట్టి ఇది మీకు ముఖ్యం. సైజు పెద్దదైతే బరువు ఎక్కువ మోస్తుందని చాలామంది అనుకుంటారు. అలా ఏమీ లేదు. తక్కువ సైడ్‌వాల్ ఉన్న పెద్ద రిమ్ము టైరుకి బరువు అంకె తక్కువ ఉండటం నేను చాలాసార్లు చూశాను.

కొన్ని ఆల్ టెరైన్ టైర్లు ఎల్‌టీ రకంగా వస్తాయి, అంటే తేలికపాటి ట్రక్కుల కోసం మందంగా చేసినవి. గట్టివే, కానీ బరువెక్కువ, పైగా అదే బరువు మోయాలంటే మామూలు టైరు కన్నా గాలి ఎక్కువ పట్టాలి. వీటికి పాత స్టిక్కర్ అంకె చూసి గాలి కొట్టిస్తే తక్కువవుతుంది. గాలి సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి సుద్దముక్క చాలు. టైరు మీద అడ్డంగా ఈ చివర నుంచి ఆ చివరికి లావుగా గీయండి. పొడి సిమెంటు రోడ్డు మీద యాభై అడుగులు నేరుగా నడిపి దిగి చూడండి. మధ్యలో మాత్రమే సుద్ద చెరిగితే గాలి ఎక్కువ. అంచుల్లో మాత్రమే చెరిగితే తక్కువ. అంతటా సమంగా పోతే సరిగ్గా ఉన్నట్టు. ఖాళీ బండితో ఒకసారి, బస్తాలు వేశాక వెనక టైర్లకి ఒకసారి చూసుకుని రెండు అంకెలూ రాసి పెట్టుకోండి. రెండో అంకె ఎంత వచ్చినా స్టిక్కర్‌లో ఫుల్ లోడ్‌కి రాసినదానికన్నా తగ్గించకండి.

ఇక మీ పొలం సంగతి. తాండూరు వైపు నల్లరేగడి. మొదటి వాన పడ్డాక ఆ మట్టి ఎలా అంటుకుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు, చెప్పు వేసుకుని పది అడుగులు వేస్తే కాలు ఎత్తలేం. టైరుకీ అంతే. ఆల్ టెరైన్ టైరు సందుల్లో ఆ మట్టి నిండిపోతే గుండు టైరుతో సమానం. మడ్ టెరైన్ టైరుకి సందులు పెద్దవి, తిరిగే వేగానికి మట్టిని విదిలించుకుంటుంది. కానీ దాంతో వారానికి ఐదు రోజులు గచ్చిబౌలి వెళ్లడం చాలా కష్టం. రోడ్డు మీద హోరు, తడి రోడ్డు మీద బ్రేక్ తక్కువ, అరుగుదల ఎక్కువ. మీలాంటి వాడకానికి ఆల్ టెరైనే సరైనది. బాగా తడిసిన రేగడిలోకి ఏ టైరుతోనూ దిగకుండా పైపొర ఆరేదాకా ఆగడం మంచిది. తప్పక దిగాల్సి వస్తే గాలి 22 పీఎస్‌ఐ దాకా తగ్గించి, ఫోర్ లోలో (నాలుగు చక్రాలూ తక్కువ గేరులో లాగే మోడ్‌లో) పెట్టి, మధ్యలో ఆపకుండా నెమ్మదిగా ఒకే ఊపులో లాగండి. బస్తాలు ఎక్కించేది గట్టి నేల మీదికి వచ్చి, గాలి మళ్లీ కొట్టాకే. అందుకు బండిలో చిన్న కంప్రెసర్ ఉంచుకోండి. ఇంకో సంగతి, లోతు తక్కువ బురదలో వెడల్పు టైరు కన్నా సన్న టైరే కిందున్న గట్టి నేలను త్వరగా అందుకుంటుంది. 285 వెడల్పు అక్కడ మీకు చేసే మేలు తక్కువ.

ఆ దారిలో బురదకన్నా నాకు భయం నాపరాయి. క్వారీల నుంచి లారీలు వచ్చే దారుల్లో బండల పెచ్చులు కత్తుల్లా పడి ఉంటాయి. ట్రెడ్‌లో దిగితే పంక్చర్ వేస్తాం, సైడ్‌వాల్ కోసుకుపోతే ఇక ఏమీ చేయలేం, టైరు పారేయడమే. మా కస్టమర్ ఒకాయన ఎవరూ వాడని సైజు టైర్లు ముచ్చటపడి వేయించుకున్నారు. నాలుగో నెలలో ఒకటి అలా కోసుకుపోయింది. అదే సైజు, అదే రకం ఒక్క టైరు కోసం ఆరు వారాలు ఎదురుచూశారు. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి మీద ప్రభుత్వ ఆంక్షలు వచ్చాయి, అప్పటి నుంచి విదేశీ సైజులు దొరకడం కష్టమైంది. అందుకే సైజు ఖాయం చేసుకునే ముందు మూడు షాపులకి ఫోన్ చేసి, నాలుగు టైర్లు అని కాదు, "ఈ సైజు ఒక్క టైరు రేపటికి కావాలి, ఉందా?" అని అడగండి. ఇద్దరైనా ఉందంటేనే కొనండి. 18 అంగుళాల సైజుల్లో అపోలో, జేకే, యోకోహామా లాంటివాటిలో ఏది మీ దగ్గర తేలిగ్గా దొరికితే అదే మంచి టైరు.

ఒక్క టైరు కోసం ఇంత పట్టుబట్టడానికి ఇంకో కారణం, మీది ఫోర్ వీల్ డ్రైవ్. ఫోర్ హైలో ముందు, వెనక ఇరుసులు ఒకే వేగంతో తిరుగుతాయి. టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే ఆ ఒత్తిడంతా గేర్లలోకి, ట్రాన్స్‌ఫర్ కేస్‌లోకి (ముందు, వెనక ఇరుసులకి శక్తి పంచే పెట్టెలోకి) పోతుంది. నాలుగూ ఒకే సైజు, దాదాపు ఒకే అరుగుదల ఉండాలి. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి, అంటే ఐదు టైర్లు కొనాలి. కొనే ముందు ఆ టైరు వెనక కింద స్టెప్నీ చోటులో పడుతుందో లేదో ఎక్కించి చూపించమనండి.

265/65కి వెళ్తే రాపిడి పరీక్ష తప్పనిసరి. చాలామంది ముందుకు నడుపుతూ స్టీరింగ్ తిప్పి, ఏం తగలట్లేదు అనేస్తారు. రివర్స్‌లో ఫుల్‌గా తిప్పి చూడండి, బంపర్ వెనక ప్లాస్టిక్‌కి అక్కడే తగులుతుంది. తర్వాత ఒక ముందు చక్రాన్ని ర్యాంప్ మీదికో ఎత్తైన కర్బ్ మీదికో ఎక్కించి, సస్పెన్షన్ నొక్కుకున్నప్పుడు మళ్లీ రెండు వైపులా తిప్పండి. దిగి టార్చ్ వేసి చూస్తే తగిలిన చోట దుమ్ము తుడుచుకుపోయి నల్లగా మెరుస్తుంది. చక్రం వెనకవైపు కొంచెమే తగులుతుంటే అలైన్‌మెంట్‌లో క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) పెంచి చక్రాన్ని కాస్త ముందుకు జరపొచ్చు, అక్కడ రాపిడి తగ్గుతుంది. ఇనుము కోయాల్సి వస్తోందంటే ఆ సైజు మీ బండిది కాదు. లిఫ్ట్ కిట్ (బండిని పైకి లేపే సామాను) వేస్తే సరిపోతుందని అంటారు, కానీ ముందు డ్రైవ్ షాఫ్టుల కోణం మారి వాటి జాయింట్లు, రబ్బరు బూట్లు తొందరగా పోతాయి. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి నేను చెప్పను.

స్పీడోమీటర్ సంగతి. 265/60 వేస్తే చుట్టుకొలత 1.6 శాతం పెరుగుతుంది, పట్టించుకోనవసరం లేదు. 265/65 అయితే 5 శాతం. పొలానికి వెళ్లేటప్పుడు మీరు ఘట్‌కేసర్ దగ్గర ఓఆర్‌ఆర్ (అవుటర్ రింగ్ రోడ్డు) ఎక్కి అప్పా జంక్షన్‌లో దిగుతారనుకుంటాను. మీటరు పాత టైరుతో కచ్చితంగా ఉండేదైతే, కొత్త టైరుతో 114 చూపేటప్పటికే మీరు అక్కడి పరిమితి 120లో ఉంటారు. నిజానికి కంపెనీ మీటర్లు మామూలుగానే కాస్త ఎక్కువ చూపిస్తాయి, కాబట్టి తేడా అంత ఉండకపోవచ్చు. ఫోన్‌లో జీపీఎస్ పెట్టి ఒకసారి పోల్చుకోండి.

మైలేజీ దగ్గర కూడా ఇదే తికమక. 50 లీటర్లకి మీటరు మీద 550 కిలోమీటర్లు వస్తే లీటరుకి 11 అనుకుని టెన్షన్ పడతారు. 5 శాతం పెద్ద టైరుతో మీరు నిజంగా తిరిగింది 577, అంటే పదకొండున్నర. అయినా కొంత తగ్గడం నిజమే. బరువైన చక్రం తిప్పాలి, పైగా గేరింగ్ 5 శాతం పొడవైనట్టు అవుతుంది. ఘాట్‌లో ఒక గేరు ముందే దించాల్సి వస్తుంది. బ్రేక్ కూడా అంతే, పెద్ద చక్రాన్ని ఆపడానికి పెడల్ ఇంకాస్త నొక్కాలి. కొత్త టైర్లు వేశాక మొదటి రోజు ఖాళీ రోడ్డు మీద రెండు మూడుసార్లు గట్టిగా బ్రేక్ వేసి కాలికి అలవాటు చేసుకోండి.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అదే ఏడాది సవరణ తర్వాత సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ ఉండొచ్చు. నేను మొదట 255/60లోనే ఉండమన్నది ఇందుకు కూడా. 265/60 అయినా స్టిక్కర్‌లో లేని సైజే కాబట్టి, వేయించే ముందు కంపెనీ సర్వీస్ సెంటర్‌నీ, ఇన్సూరెన్స్ వాళ్లనీ ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. ఫోన్‌లో "పర్లేదు సార్" అన్న మాట క్లెయిమ్ రోజున ఎవరికీ గుర్తుండదు. మడ్‌గార్డ్ దాటి బయటికి వచ్చిన చక్రాలతో ప్రమాదం జరిగితే సర్వేయర్ మొదట రాసేది ఆ చక్రాల గురించే.

కొనే రోజు టైరు పక్కన నాలుగు అంకెలు చూడండి. 3424 అంటే 2024లో 34వ వారం తయారైంది. ఐదింటి మీదా తేదీలు దగ్గరగా ఉండాలి, ఏడాది దాటినది తీసుకోకండి. ఐఎస్‌ఐ గుర్తు ఉందో చూడండి. బిగించాక అలైన్‌మెంట్ చేయించి, ముందూ తర్వాతా అంకెలున్న ప్రింట్ అడిగి తీసుకోండి. పాత టైర్లు పారేసే ముందు అరచేత్తో ట్రెడ్ మీద అడ్డంగా తడిమి చూడండి. లోపలి అంచు ఎక్కువ అరిగి ఉన్నా, రంపపు పళ్లలా చేతికి తగిలినా అలైన్‌మెంట్‌లోనో షాకప్స్‌లోనో లోపం ఉన్నట్టు, కొత్త టైర్లు వేసే ముందే అది సరిచేయించాలి. మీకు అలా ఏమైనా కనిపిస్తే నాలుగు టైర్ల ఫొటోలు, డోర్ స్టిక్కర్ ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.